అమ్మ పెట్టిన ఫిర్యాదు

మొన్న ఆదివారం ఆరాధన నుండి వచ్చి, భోజనాలు ముగించి, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరాం. ఏదో సినిమా నడుస్తోంది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న కొడుకు పెరిగి పెద్దవాడై, తండ్రిని చంపినవాళ్లను వెతికి వెతికి పట్టుకుని ఒక్కొక్కరినే నరుకుతున్నాడు. ఒక్కొక్కడు పడిపోయినప్పుడల్లా మా ఇంట్లో ఈలలు, చప్పట్లు. గంట కిందట చర్చిలో మోకాళ్ల మీద ఉన్న మా పెద్దకొడుకు కూడా కుర్చీ అంచుకు జరిగి, ఇంకొక్కటి వెయ్యమని ఆ హీరోను హుషారు చేస్తున్నాడు. నేను లోలోపల నవ్వుకుంటూ కూర్చున్నాను. అంతలో కాలేజీలో చదివే మనవరాలు నా వైపు తిరిగి, "అవ్వా, మీ బాపును గూడ గిట్లనే కొట్టి చంపిండ్రంటవు గద! మరి మీరేం జేసిండ్రు?" అని అడిగింది.

"ఏం జెయ్యలే బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నన్నొకసారి జాలిగా చూసి, మళ్లీ సినిమాలో పడిపోయింది. ఆ జాలి చూపు ఇంకా నన్ను వదలలేదు. ఏమీ చేయకపోవడం ఎంత బరువైన పనో, ఆ పనిని మా అమ్మ ఊరందరి ఎదుట ఎట్లా చేసిందో ఆ పిల్లకు ఎట్లా చెప్పాలో తోచక, గడీల కాలం చూసిన నా ఈడువాళ్లు చదువుతారన్న ఆశతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది కేతేపల్లి దిక్కున ఒక చిన్న పల్లె. నిజాం సర్కారు చివరి ఏండ్ల మాట ఇది. ఊరి నడుమ ఎత్తు మీద దొర గడీ, ఊరికి ఎడంగా పల్లంలో మా వాడ. మా వాడలో కొన్ని ఇళ్లవాళ్లం మా తాత కాలంలోనే క్రీస్తును నమ్ముకున్నాం. మట్టిగోడల మీద తాటికమ్మలు కప్పిన ప్రార్థన గుడిసె ఒకటి మాకుండేది. పాస్టరుగారు నల్లగొండ నుండి ఎప్పుడో ఒకసారి ఎడ్లబండిలో వచ్చేవారు. మిగతా ఆదివారాలు మా మధ్యనే కాపురముండే ఉపదేశి ప్రార్థన నడిపించేవాడు. వారం రోజుల్లో ఆ గుడిసెలోనే మాకు అక్షరాలు కూడా ఆయనే దిద్దించేవాడు. పేదరికంలో మాకేమీ తీసిపోయేవాడు కాదు కానీ, ఆయనకొక కోటు ఉండేది. ఎవరిచ్చారో, ఏ దేశపుదో తెలియదు. మండుటెండల్లో కూడా ఆదివారం పూట ఆ కోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ వాక్యం చెప్పేవాడు. మాకు అదే గొప్ప.

బాపుది తోలు పని. కరెంటు మోటార్లు లేని ఆ రోజుల్లో ఎడ్లు పెద్ద తోలు బొక్కెనతో బావిలోంచి నీళ్లు గుంజితేనే పొలం తడిసేది. ఆ మోట బొక్కెనలు కుట్టడంలో బాపుకు పేరు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. కుడుతున్నంతసేపూ కీర్తనలు పాడేవాడు. పాట ఎట్లా సాగితే చేతిలో తోలు కుట్టే ఆరె అట్లా సాగేది. దుఃఖపు కీర్తన అందుకున్న రోజు పని నత్తనడక నడిచేది. జర ఉషారు పాట ఎత్తుకొమ్మని అమ్మ మందలించేది, ఆయన నవ్వి వేరే పాట అందుకునేవాడు. నాకు జ్ఞాపకమున్న బాపు అంటే ఆ పాట, ఆ నవ్వు, తోళ్లు నానబెట్టే తంగేడు చెక్క వాసన. ముఖం ఎంత తలచుకున్నా పూర్తిగా కళ్ల ముందుకు రాదు.

వెట్టి సంగతి మీకు తెలియనిది కాదు. గడీ నుండి పిలుపు వస్తే చేతిలో పని చేతిలోనే వదిలి, కూలీ నాలీ లేకుండా పోవాలి. ఒక ఎండాకాలం దొర ఇంట పెళ్లి కుదిరింది. చుట్టాల సామాను సూర్యాపేట నుండి మోసుకురావాలని మా వాడకు కబురొచ్చింది. ఆ రోజు ఆదివారం. పోనని బాపు అనలేదు, ప్రార్థన కాగానే వస్తానన్నాడు, అంతే. ఆ మాట తీసుకుపోయిన మనిషి వెనకనే గడీ జవాను వచ్చాడు. వాడు పరాయి ఊరివాడేమీ కాదు, మా ఊళ్లోనే పుట్టి, దొర తిండి తిని, దొరను మించిన దొరతనం నేర్చినవాడు. మేమంతా లోపల పాడుతుండగానే బాపును బయటికి ఈడ్చి, గుడిసె ముందే దుడ్డుకర్రతో కొట్టాడు. ఉపదేశి కోటుతోనే వాని కాళ్ల మీద పడ్డాడు. ఆయనకూ దెబ్బలు తగిలాయి. నేను గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంతకంటే రాయలేను.

పక్కటెముకలు విరిగి లోపల ఏమైందో ఏమో, బాపు మళ్లీ పని మీద కూర్చోలేదు. దగ్గినప్పుడల్లా రక్తం పడేది. వానలు మొదలై, బావులు నిండుతున్న రోజుల్లో ఆయన పోయాడు.

మా అమ్మను గురించి ఈ కాలపు పిల్లలు పొరపాటు పడకూడదనే ఈ ముక్క చెబుతున్నాను. ఆమె మొదటి రోజునే అంతా దేవుడి మీద వేసి మూల కూర్చోలేదు. ముందు గడీకి పోయింది; తలుపు తీయలేదు. తర్వాత ఠాణాకు నడిచి పోయింది. అక్కడివాళ్లు ఎండలో కూర్చోబెట్టి, ఆమెకు రాని ఉర్దూలో ఏవేవో అడిగి, పొద్దు వాలాక పొమ్మన్నారు. ఠాణా పెద్దకు బియ్యం, నెయ్యి గడీ నుండే పోతాయని దారిలో ఎవరో చెప్పారట. ఆమె ఇల్లు చేరకముందే, ఠాణాకు పోయిన సంగతి గడీకి చేరింది. జవాను వచ్చి, మా ఇంటి ముందు తోళ్లు నానబెట్టిన కుండలన్నీ తన్ని పగలగొట్టి పోయాడు.

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన నడుస్తుండగా అమ్మ లేచి నిలబడింది. ఆడవాళ్లు లేచి మాట్లాడే అలవాటు మాకు అప్పట్లో లేదు. కండ్లు మూసుకోలేదు, చేతులు జోడించలేదు, ఏడవలేదు. ఎదుట ఎవరో కుర్చీలో కూర్చున్నట్టుగా సూటిగా చూస్తూ, ఠాణాలో చెప్పాలనుకున్న మాటలన్నీ అక్కడ చెప్పింది. తన పెనిమిటి పేరు, కొట్టినవాని పేరు, కొట్టించినవాని పేరు, కొట్టిన జాగా అన్నీ విడివిడిగా చెప్పి, "గడీ తలుపు తియ్యలే. ఠాణాల రాసుకోలే. ఇగ నీ దగ్గరనే ఫిర్యాదు పెడుతున్న దేవా. గీ కూసున్నోళ్లంత చూసిండ్రు, గవాయి చెప్తరు. నువ్వైతె ఎల్లగొట్టవని వచ్చిన" అని కూర్చుంది. ఉపదేశి కోటు గుండీలు తడుముకుని, ఆమెన్ అన్నాడు. మేమంతా అన్నాం. మా వాడలో అంత గట్టిగా ఆమెన్ అనడం నేనెప్పుడూ వినలేదు.

అంత చెప్పిన అమ్మ ఆ రోజు నుండి ఒక పని చేసేది. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెబుతాం కదా, అందులో మాకు కీడు చేసినవారిని మేము క్షమించినట్టు అనే చోటికి రాగానే ఆమె నోరు మూసుకునేది. ఆ ఒక్క మాట దాటాక మళ్లీ అందరితో గొంతు కలిపేది. పక్కన కూర్చునే నాకు అది స్పష్టంగా తెలిసేది. ఒకసారి ఎందుకట్లా అని అడిగితే, చెయ్యని పనిని చేసినట్టు దేవుని ముందర చెప్పరాదని అన్నది. ఉపదేశి కూడా గమనించే ఉంటాడు. ఆయన ఎన్నడూ తప్పు పట్టలేదు.

ఇక బతుకు సంగతి. బాపు కూర్చునే చోట అమ్మ కూర్చుంది. బొక్కెన కుట్టడం మగవాళ్ల పని, ఆడమనిషి ఆరె పట్టడం ఏమిటని కులపెద్దలు సణిగారు. నా పిల్లలకు మీరు గంజి పోస్తారా అని ఆమె అడిగి, పనిలో పడింది. మొదట కుట్టినవి కారాయి, రైతులు వాపసు తెచ్చారు, విప్పి మళ్లీ కుట్టింది. వేళ్లు పగిలి నెత్తురు కారినా వదలలేదు. మెల్లగా పని చేతికి వచ్చింది. అయితే ఆమె పాడేది కాదు. బాపు ఉన్న రోజుల్లో గొంతెత్తి పాడిన మనిషే, పని మీద మాత్రం మళ్లీ పాడలేదు. నాకంటే పెద్దవాడైన మా అన్న ఆమె పక్కన కూర్చుని తోలు వారలు చీరేవాడు. వాడు ఎదుగుతున్నాడు, వాని లోపల కోపం వానికంటే వేగంగా ఎదుగుతోంది. గడీ జవాను వాడలోకి వస్తే అన్న దవడలు బిగుసుకోవడం నేను చూసేదాన్ని. అమ్మ కూడా చూసేది.

కొన్నేండ్లకు ఊళ్లలోకి దొరలను ఎదిరించే రైతుల సంగం వచ్చింది. వెట్టి చెయ్యవద్దని, దున్నేవాడిదే భూమి అని పాటలు కట్టి పాడారు. అన్న అందులో చేరిపోయాడు. చూస్తుండగానే కాలం తలకిందులైంది. ఒక రోజు తెల్లవారేసరికి దొర పెండ్లాం పిల్లలతో, పెట్టెలతో హైదరాబాదు వెళ్లిపోయాడని తెలిసింది. గడీ ఖాళీ. జవానును మాత్రం ఎవరూ వెంట తీసుకుపోలేదు. వాడు పారిపోవడానికి వేరే ఊరూ లేదు, పిలిచి అన్నం పెట్టే చుట్టమూ లేదు. సంగపోళ్లు వాణ్ణి పట్టుకుని, చావడి ముందర బండి చక్రానికి కట్టేశారు. ఊరంతా గుమిగూడింది. వాని చేతిలో దెబ్బలు తినని ఇల్లు మా ఊళ్లో తక్కువ. ఎవరి పగ ఎంతదైనా ముందు వంతు మా అమ్మదే అని సంగం పెద్దాయన అన్నాడట. మమ్మల్ని పిలుచుకురమ్మని మనిషిని పంపాడు.

అమ్మ పనిమీద నుండి లేచి, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చింది. నేను కొంగు పట్టుకుని వెంట నడిచాను. అక్కడ అన్న అప్పటికే దుడ్డుకర్రతో నిలబడి ఉన్నాడు. అమ్మ ఊ అంటే ఆ మనిషి బతికి లేవడని అక్కడున్న అందరికీ తెలుసు. జవానుకూ తెలుసు. వాని పెదవులు ఎండిపోయి తెల్లబడ్డాయి. వాని పెండ్లాం దూరంగా నేల మీద పడి ఏడుస్తోంది.

అమ్మ వాని ముందు నిలబడింది. ఆ రోజు గుడిసెలో ఎట్లా చెప్పిందో అట్లాగే, ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా, వాడు చేసిందంతా ఊరందరికీ వినబడేటట్టు చెప్పింది. మా వాడ ఆడమనిషి చావడి ముందర తలెత్తి నిలబడి మాట్లాడడం ఆ ఊరు అంతకుముందు చూడలేదు. చెప్పి, "నేను చెప్పింది నిజమా, అబద్ధమా?" అని అడిగింది.

"నిజమే" అన్నాడు జవాను. వినబడలేదని వెనకనుండి ఎవరో అరిచారు. "నిజమే, నేనే కొట్టిన" అని మళ్లీ గట్టిగా అన్నాడు.

"ఇగ నీ ఇష్టం అక్కా" అన్నాడు సంగం పెద్దాయన.

"వీడు గడీ పేరు చెప్పి గుంజుకున్న భూములు ఎవలయి వాళ్లకు ఇప్పియ్యుండ్రి. మల్ల ఎవల మీద చెయ్యెత్తకుండ చూడుండ్రి. గది మీ పని" అన్నది అమ్మ. "నా పెనిమిటి పాణం సంగతి మటుకు నేను పెద్ద అదాలత్‌ల పెట్టిన. ఆడ పెట్టినంక నడుమల నేనే గుంజుకుంటె, ఇగ నేను ఎవల దగ్గరికి పోవాలె?"

అప్పుడు అన్న అరిచాడు. "గిన్ని ఏండ్ల సంది నీ దేవుడు ఏం జేసిండే? నిద్ర పోతాండా?"

అమ్మ వాని దగ్గరికి నడిచింది. "నాకు దెల్వది కొడుకా. ఏం జేస్తాండో నాకేం జెప్తలేడు. గని వీన్ని చంపితె మీ బాపు రాడు. గడీల కట్టె నీ చేతికి వస్తది, అంతే. ఆ కట్టె పట్టుకున్నోడు నా ఇంట్ల ఉండొద్దు."

"అంటె వీన్ని మాఫ్ చేసినవా?" అని గుంపులోంచి ఒక ముసలామె అడిగింది.

"చెయ్యలే. చేసిన్నని అబద్ధం చెప్ప. గని నా కండ్ల ముందర వీని మీద దెబ్బ పడనియ్య."

అమ్మ తానే వంగి, తోలు రంగు పట్టిన ఆ వేళ్లతో తాడు ముడి విప్పసాగింది. ముడి బిగుసుకుపోయి ఉంది, చాలాసేపు పట్టింది. ఒక్కరూ సాయం రాలేదు, ఒక్కరూ ఆపలేదు. అన్న కర్ర విసిరికొట్టి, ఇంటికి కూడా రాకుండా అటునుండి అటే వెళ్లిపోయాడు. అమ్మ ఇల్లు చేరి, పని మీద కూర్చుని, ఆరె చేతిలో పట్టుకుని, కుట్టకుండా అట్లాగే ఉండిపోయింది. అప్పుడు ఏడ్చింది. బాపు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. బతికున్న కొడుకు పోయాడని ఆమె భయం.

అన్న తిరిగి వచ్చేటప్పటికి ఒక పంటకాలం గడిచిపోయింది. ఒక పొద్దున మేం లేచేసరికి వాకిట్లో కూర్చుని తోలు వారలు చీరుతున్నాడు. ఎక్కడ తిరిగాడో, ఏం చూశాడో చెప్పలేదు, అమ్మ అడగలేదు. అన్నం పెట్టింది, తిన్నాడు. తర్వాత తర్వాత కూడా వాడు ప్రార్థనకు రాలేదు. కానీ అమ్మకు కాళ్లు చాతగాని రోజులు వచ్చాక, ప్రతి ఆదివారం చేయి పట్టి గుమ్మం దాకా తీసుకువచ్చి, లోపల కూర్చోబెట్టి, పాటలయ్యేదాకా బయట అరుగు మీదే కూర్చునేవాడు. రమ్మని ఆమె పిలవలేదు, పోతానని వాడు అనలేదు.

పోలీసు చర్య జరిగి మిలిటరీ ఊళ్లలోకి వచ్చినప్పుడు సంగం మనుషుల కోసం వెతికారు. చావడి దగ్గర అందరినీ నిలబెట్టి, సంగంలో ఎవరెవరు తిరిగారో చూపమని జవానునే అడిగారు. వాడు చూపిస్తే అన్న గతి ఏమయ్యేదో! వాడు తలెత్తకుండా, తనకు కండ్లు సరిగ్గా కనబడడం లేదన్నాడు. రెండు దెబ్బలు వేసినా అదే మాట అన్నాడు. సంగం మళ్లీ వస్తుందని భయపడ్డాడని కొందరు, అమ్మ చేసినదానికి ఋణం తీర్చుకున్నాడని కొందరు అనుకున్నారు. అమ్మ ఏమీ అనుకోలేదు. కానీ ఆ తర్వాత ఒక సంగతి ఊరంతా చూసింది. ఒకప్పుడు గడీ మనిషి ఎదురైతే మావాళ్లు చెప్పులు చేతపట్టుకుని దారి దిగి నిలబడేవారు కదా, ఇప్పుడు అమ్మ ఎదురైతే వాడు దారి దిగి నిలబడేవాడు. క్షమించమని నోరు తెరిచి ఎన్నడూ అనలేదు. ఒకనాడు అమ్మ ఆగి, "దారి దిగకు, నడువు. తొవ్వ అందరిది" అన్నది. ఆమె వానితో మళ్లీ మాట్లాడినది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఆ తర్వాత మిషన్ బడి నడిపే తెల్లదొరసాని పుణ్యమా అని నన్ను నల్లగొండలో బోర్డింగులో వేశారు. ఒక సెలవులకు ఇంటికి వచ్చి ఆదివారం అమ్మ పక్కన కూర్చున్నాను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆ మాట దగ్గరికి వచ్చింది. అమ్మ గొంతు ఆగలేదు. అందరితో పాటు, మామూలుగా, ఆ మాటను పలికి ముందుకు సాగిపోయింది. ఎప్పటి నుండి మొదలుపెట్టిందో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆ రోజు మిగిలిన ప్రార్థనంతా నేను చెప్పకుండా ఆమె గొంతే విన్నాను.

దొరకు మాత్రం, నిజం చెప్పాలంటే, ఏమీ కాలేదు. హైదరాబాదులో మేడ కట్టుకున్నాడు, పిల్లలకు పెద్ద చదువులు చెప్పించాడు, ముసలివాడై తన మంచం మీదే పోయాడు. నేను మక్తల్ బడిలో పంతులమ్మగా చేస్తున్న రోజుల్లో ఆ కబురు తెలిసింది. సెలవులకు వచ్చినప్పుడు ఉండబట్టలేక, నీ ఫిర్యాదు ఏమైందే అని అమ్మను అడిగాను. ఆమె కొంచెం కూడా తడుముకోలేదు. "ఇంక ఇచారణ నడుస్తాంది బిడ్డా" అన్నది.

ఈ మాటలు రాస్తుంటే నాకు దుఃఖం రాలేదు. గర్వంగా ఉంది. సినిమాలో హీరోకు కత్తి ఉంది, వాని వెనక వాద్యాలున్నాయి. మా అమ్మకు తాడు ముడి విప్పే వేళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ వేళ్లకు పుట్టినదాన్నని చెప్పుకోవడానికి నాకు ఇన్నేండ్లు మాటలు దొరకలేదు.

ఇప్పుడు మా పిల్లలకు అన్యాయం జరిగితే పోవడానికి ఠాణా ఉంది, చట్టం ఉంది, వాళ్ల భాషలోనే రాసుకుంటారు. పోవాలి కూడా, అమ్మ అయినా ముందు అక్కడికే పోయింది. ఈ మార్పు చూడడానికి బతికున్నందుకు నాకు సంతోషమే. అయితే మా కాలంలో ఒక ఇంటి బాధ వాడంతటికీ తెలిసేది, ఒక మనిషి లేచి చెబితే అందరూ ఆమెన్ అనేవారు. ఇప్పుడు మా చర్చికి రంగు అద్దాలు వచ్చాయి, పంకాలు వచ్చాయి. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఏం మోస్తూ వచ్చిందో మాత్రం నాకు తెలియదు, నాది ఆమెకు తెలియదు. చేతులు కలిపి, పండుగ శుభాకాంక్షలు చెప్పుకుని, ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లిపోతాం.

మా ఊళ్లో మోటబావులు పూడిపోయాయి, తోలు బొక్కెన ఎట్లా ఉండేదో కూడా పిల్లలకు తెలియదు. ఎప్పుడైనా అటు పోతే, అమ్మను ఎరిగిన ముసలివాళ్లు ఒకరిద్దరు కండ్లు చికిలించి నన్ను పోల్చుకుని, బొక్కెనలు కుట్టినామె బిడ్డ వచ్చిందంటారు. పంతులమ్మగా ఎంతమంది నమస్కారాలో అందుకున్నాను కానీ, నాకు ఆ మాటంత గొప్పగా ఏదీ అనిపించదు. పోయినసారి వెళ్లినప్పుడు ఆ మాట అన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ ఉన్నన్నాళ్లే నేను ఆ ఊరికి ఒకరి బిడ్డను.